వాన పడ్డా సంపు నిండదెందుకు?

చెన్నైలో ప్రతి కట్టడానికీ వాననీటి ఏర్పాటు ఉండాలని 2003లో రూలు వచ్చింది. అప్పుడు హడావుడిగా తవ్వించిన గుంతలు ఇప్పటికీ చాలా ఇళ్లలో గేటు పక్కన సిమెంటు మూత కింద ఉన్నాయి. ఆ మూత చివరిసారి ఎప్పుడు తీశారని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మా కోడంబాక్కం ఇంట్లోనూ అదే కథ. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు దిగేలోపే కిందివి చూసుకోండి.

గట్టి వాన పడినా సంపులో మట్టం పెరగలేదు

ముందు ఎంత రావాలో లెక్క వేయండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల మేడంటే దాదాపు 93 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల వానకి, చిందినదీ మేడ పీల్చుకున్నదీ పోగా, 1,500 లీటర్లయినా సంపులో చేరాలి. అందులో సగం కూడా రాలేదంటే దారిలో ఎక్కడో పోతున్నట్టే.

మేడ మీద గొట్టం నోట్లో ఒక బకెట్ నీళ్లు పోసి, కింద ఒకరిని నిలబెట్టండి. కిందికి రాకపోతే అడ్డం పైనే ఉంది. మా గొట్టంలో వేపాకూ పావురాల ఈకలూ ముద్దగా కూరుకుపోయి ఉన్నాయి. అవి లాగేశాక కూడా సంపు నిండలేదు. చూస్తే ఫస్ట్ ఫ్లష్ పైపు (మొదటి జల్లు మురికి నీళ్లని సంపులోకి పోనీయకుండా పక్కకి తీసే పైపు) బిరడా లేదు! శుభ్రం చేస్తానని మా ఆయన దాన్ని తీసి, బట్టలారేసే తీగకి కట్టి మరిచిపోయారు. రెండు నెలల వాన కాలవపాలైంది.

నీళ్లు పచ్చగా ఉన్నాయి, వాసన వస్తోంది

మేడ మీది దుమ్ము, పావురాల రెట్టలు మొదటి జల్లుతోనే కిందికి వస్తాయి. తొలి రెండు మిల్లీమీటర్ల వాన వదిలేయాలంటే ఇంతే మేడకి సుమారు 190 లీటర్లు. నాలుగంగుళాల పైపు మీటరుకి ఎనిమిది, తొమ్మిది లీటర్లే పడుతుంది కాబట్టి, ప్లంబర్ బిగించి వెళ్లిన ఆ ఒక్క ఫస్ట్ ఫ్లష్ పైపు ఏ మూలకీ చాలదు. చాలా రోజుల తర్వాత పడే వానకి మొదటి పది నిమిషాలు ఆ పైపు వాల్వు చేత్తో తెరిచి పెట్టడమే మేలు. ఫిల్టరులోని ఇసుక, కంకర ఏడాదికోసారి బయటికి తీసి కడగాలి. ఈ నీళ్లు వాడకానికే. తాగాలంటే కాచాలి.

ఇంకుడు గుంతలో నీళ్లు రోజుల తరబడి నిలిచి ఉన్నాయి

మొదట్లో బాగా ఇంకి, ఇప్పుడు ఇంకకపోతే పైన ఒండ్రు పేరుకుంది. మా గుంతలో కంకర మీద బురద దోసె మందాన అట్టకట్టి, పారతో లేపితే ముక్కలుగా ఊడొచ్చింది. పైన ఒక అడుగు లోతు కంకర తీసి కడిగి, ఇసుక కొత్తది పోయించాం. తర్వాతి వానకి పొద్దున్న నిండిన గుంత సాయంత్రానికి ఖాళీ.

మొదటినుంచీ ఇంకకపోతే అడుగున బంకమట్టి ఉండొచ్చు. తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ లాంటి సముద్రపు ఒడ్డు ఇసుక నేలల్లో ఈ బాధ తక్కువ. లోపలి పేటల్లోనే ఎక్కువ. అలాంటి చోట గుంత అడుగున సన్నటి బోరు, కింద ఇసుక పొర తగిలేదాకా వేయించి గులకరాళ్లతో నింపాలి. పాత బావి ఉంటే ఇంత ఖర్చెందుకు, వడగట్టిన మేడ నీళ్లు అందులోకే మళ్లించండి. నవంబరులో భూగర్భ జలమే పైకొచ్చి గుంత నిండిందనుకోండి, అది రోగం కాదు, టెన్షన్ వద్దు.

దోమలు

ట్యాంకు మూతకీ ఓవర్‌ఫ్లో గొట్టానికీ సన్న జాలీ కట్టండి. మలేరియా దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది.

వాన నీళ్లున్నా లారీ తప్పడం లేదు

ఆంధ్రలోని కండలేరు జలాశయం నుంచి చెన్నైకి నీళ్లిచ్చే పూండి చెరువుకి కృష్ణా నీళ్లొస్తాయని మనవాళ్లం గొప్పగా చెప్పుకుంటాం. 2019 జూన్‌లో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువులు అడుగంటినప్పుడు ఆ గొప్ప ఏ బిందెనీ నింపలేదు. అప్పుడే మా ఇంట్లో కారుతున్నవన్నీ వెతికాం. ఫ్లష్ ట్యాంకులో చెంచాడు పసుపు కలిపి, అరగంట ఎవరూ వాడకుండా చూడండి. బేసిన్‌లో పసుపు రంగు దిగితే లోపలి వాషరు పోయినట్టే. మేడ మీది ట్యాంకులో ఫ్లోట్ బాల్ కూడా కదిపి చూడండి. మాది నాచు పట్టి సగంలోనే ఆగిపోయేది, ట్యాంకు నిండినా నీళ్లు ఆపేది కాదు. గీకి కడిగితే సరిపోయింది, కొత్తది కొనక్కర్లేకపోయింది.