రైలు ప్రయాణానికి పులిహోర పొట్లాలు

నల్లగొండలో రైలెక్కి తిరువనంతపురం చేరేసరికి ఒక రోజు దాటుతుంది. ప్యాంట్రీ భోజనం సీటు దాకా వచ్చేసరికి అన్నం గడ్డకట్టి, పప్పు నీళ్లలా ఉంటోంది. పిల్లలు ముట్టడం లేదు. అందుకే పులిహోర కట్టుకుపోతున్నాం.

అరకిలో బియ్యం పలుకుగా వండి, పెద్ద పళ్లెంలో ఆరబోసి పసుపు, రెండు చెంచాల నూనె కలపాలి. 60 గ్రాముల చింతపండు పులుసును పోపులో వేసి, నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. అసలు కిటుకు ఇదే, నీళ్లు మిగిలితే నిలవదు. రెండూ పూర్తిగా చల్లారాకే కలిపి మోదుగ విస్తరాకుల్లో కట్టండి. వేయించిన పల్లీలు వేరే డబ్బాలో పెట్టుకుని తినేముందు కలిపితే కరకరలాడతాయి.

వేడిమీద కడితే పొట్లం చెమటపట్టి సాయంత్రానికే వాసనొస్తుంది. ఎండాకాలంలో మాత్రం రాత్రికే తినేయండి. మర్నాటికి జొన్నరొట్టె, పల్లీల పొడి మేలు.