రీపర్‌లో ట్రాక్ రంగులు: తప్పెటగుళ్ల సెషన్‌కి పనికొచ్చే పద్ధతి

తప్పెటగుళ్లు ఉత్తరాంధ్ర జానపద కళ, రీపర్ పాటలు రికార్డు చేసి మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్. తప్పెటగుళ్ల బృందాన్ని అందులో రికార్డు చేయాలంటే పాటగాడికో మైకు, వంతలకి (వంత పాడేవాళ్లకి) రెండు, తప్పెటల మీద ఎడమ కుడి జంట, గజ్జెల కోసం నేలకి దగ్గరగా ఒకటి, గది మొత్తానికి ఇంకోటి పెట్టాలి. మైకుకో ట్రాకు చొప్పున అక్కడికే ఏడు ట్రాకులు. తర్వాత హార్మోనియం, కీబోర్డు, మళ్లీ పాడించిన వంతలు చేరితే ఇరవై దాటడం ఎంతసేపు? పైగా వాళ్లు అడుగులేస్తూనే వాయిస్తారు, వాయిస్తూనే పాడతారు. ప్రతి మైకులోనూ అందరూ వినిపిస్తారు కాబట్టి తెర మీద వేవ్‌ఫామ్‌లన్నీ (శబ్దాన్ని చూపే అలల బొమ్మలు) కవల పిల్లల్లా ఉంటాయి. ఏది గజ్జె, ఏది తప్పెట అన్నది ఆకారం చూసి పోల్చుకోవడం కష్టం. విజయనగరం సిరిమానోత్సవం ముందు పైడితల్లమ్మ పాటలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడే రోజుల్లో ప్రతి ట్రాకుకీ సోలో (అదొక్కటే వినిపించే బటన్) నొక్కి వెతుక్కుంటూ కూర్చుంటే పని తెమలదు.

రంగులు వేయడం తేలికే. ఏ రంగు దేనికన్నది ముందు తేల్చుకోకపోవడం దగ్గరే గందరగోళం మొదలవుతుంది. రంగు ట్రాకుని బట్టి కాదు, అది చేసే పనిని బట్టి ఉండాలి. ఈ పాటలో పాటగాడు నారింజ అయితే వచ్చే పాటలోనూ, వచ్చే ఏడాది జముకుల కథ రికార్డు చేసినా ప్రధాన గాత్రం నారింజే. రాండమ్ కలర్స్ అనే ఆప్షన్ ఉంది కదా అని నొక్కితే తెర ముగ్గులా అందంగా కనిపిస్తుంది గానీ వెతుకులాట అలాగే ఉంటుంది.

ఎరుపుని మాత్రం ఏ ట్రాకుకీ ఇవ్వకండి. ట్రాకుని రికార్డింగుకి సిద్ధం చేసే రికార్డ్ ఆర్మ్ బటన్ ఎరుపు, శబ్దం ఆపే మ్యూట్ ఎరుపు, శబ్దం హద్దు దాటి మీటరు క్లిప్ అయినా ఎరుపే. ట్రాకు ప్యానెలే ఎర్రగా ఉంటే ఆర్మ్ అయి ఉందో లేదో ఒక చూపులో తెలియదు. నిమ్మపండు పసుపు కూడా సోలో బటన్‌తో కలిసిపోతుంది.

ఈ కింది ఆరు రంగులూ, వాటి మసక రూపాలూ చాలు. అంకెలు వరసగా రెడ్, గ్రీన్, బ్లూ విలువలు.

ప్రధాన గాత్రం: నారింజ, 225, 130, 50
వంతలు: అదే నారింజ, కాస్త మసకగా, 190, 130, 90
తప్పెట, డప్పు, జముకు, మృదంగం: నీలం, 70, 110, 180
గజ్జెలు, తాళాలు: మసక నీలం, 110, 135, 175
హార్మోనియం, సన్నాయి, వయొలిన్: ఆకుపచ్చ, 85, 150, 90
కీబోర్డు, ప్యాడ్లు: వంగపండు, 135, 95, 165
గది మైకు: బూడిద, 130, 130, 130
రివర్బ్ (గది ప్రతిధ్వని ఎఫెక్టు), బస్సులు (కొన్ని ట్రాకుల్ని కలిపే ట్రాకులు): నీలి ఆకుపచ్చ, 50, 145, 150

ఈ రంగులన్నీ వెలుగులో మధ్యస్థంగా ఉండేలా ఎంచినవి. మరీ లేతరంగు వేస్తే తెల్ల అక్షరాల్లో ఉన్న ట్రాకు పేరు మాయమవుతుంది, మరీ ముదురుదైతే వేవ్‌ఫామ్ కనిపించదు. విండోస్ రంగుల పెట్టెలో లమ్ అనే గడి 0 నుంచి 240 వరకూ ఉంటుంది. మీ సొంత రంగులు పెట్టుకున్నా దాన్ని 90, 140 మధ్య ఉంచండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని వాళ్లు మగవాళ్లలో తక్కువేం కాదు. మీ స్టూడియోలో అలాంటి వాళ్లుంటే వాద్యాల ఆకుపచ్చని 90 దగ్గరికి ముదురు చేయండి, అప్పుడు నారింజకీ దానికీ వెలుగులోనే తేడా తెలుస్తుంది.

ఇక చేత్తో వేసే పద్ధతి:

1. ఒకే రంగు పడాల్సిన ట్రాకుల్ని కంట్రోల్ పట్టుకుని ఒక్కొక్కటిగా నొక్కండి. వరసగా ఉంటే మొదటిది నొక్కి, షిఫ్ట్ పట్టుకుని చివరిది నొక్కండి.
2. ప్యానెల్ మీద రైట్ క్లిక్ చేసి ట్రాక్ కలర్‌లోకి వెళ్లి, కస్టమ్ కలర్ ఎంచుకోండి.
3. తెరుచుకున్న పెట్టెలో డిఫైన్ కస్టమ్ కలర్స్ నొక్కి, ముందు ఎడమవైపు ఖాళీ గడుల్లో ఒకదాని మీద నొక్కి, ఆ తర్వాత మూడు అంకెలూ కొట్టండి.
4. యాడ్ టు కస్టమ్ కలర్స్ నొక్కండి. అలాంటి ఖాళీ గడులు 16 ఉంటాయి, మన ఎనిమిదీ హాయిగా పడతాయి. తర్వాతి నుంచి అంకెలు కొట్టక్కర్లేదు.
5. ఓకే.

ఇక్కడ చాలామంది తికమకపడేది ఒకటుంది. అంకెలు కొట్టకుండా ఇంద్రధనుస్సు పలక మీద ఎక్కడో నొక్కి ఓకే చేస్తారు, ట్రాకేమో నల్లగా వస్తుంది. తప్పు రీపర్‌ది కాదు. పలక పక్కన ఉన్న సన్నటి పట్టీలో బాణం అట్టడుగున ఉంటే వెలుగు సున్నా. ఏ రంగు ఎంచుకున్నా నలుపే. బాణాన్ని సగానికి జరిపితే సరి.

ప్యానెల్‌కి రంగొచ్చింది గానీ ఆడియో ముక్కలకి (రీపర్ వీటిని ఐటమ్ అంటుంది) రాలేదంటే ప్రిఫరెన్సెస్ తెరవండి, కంట్రోల్ పి. కింద ఉన్న ఫైండ్ గడిలో ఇంగ్లీషులో టింట్ అని కొడితే సంబంధించిన సెట్టింగుల దగ్గరికి తీసుకెళ్తుంది. ఐటమ్ బ్యాక్‌గ్రౌండ్, పీక్స్ (అంటే వేవ్‌ఫామ్) రెండింటికీ ట్రాక్ కలర్ టిక్ పెట్టుకోవచ్చు. రెండూ పెడితే ఒక్కోసారి అల, నేల ఒకే రంగులో కలిసిపోతాయి. బ్యాక్‌గ్రౌండ్ ఒక్కటే పెట్టుకోవడం మేలు. ట్రాకు ప్యానెల్ అంతా రంగు పరుచుకోవాలా, పేరు వెనక మాత్రమే ఉండాలా అన్నది ట్రాక్ కంట్రోల్ ప్యానెల్స్ పేజీలో ఉంటుంది. తేడా ఎంత కనిపిస్తుందన్నది మీరు వాడే థీమ్ (తెర రూపురేఖలు) మీద ఆధారపడుతుంది.

టిక్కులన్నీ ఉన్నా ఒకటి రెండు ముక్కలు మొండికేస్తే, వాటికి ఎవరో విడిగా ఐటమ్ రంగు వేశారన్నమాట. టేకు (ఒకే ముక్కలో ఒక్కోసారి పాడిన రికార్డింగు) రంగు ఐటమ్ రంగుని కప్పేస్తుంది, ఐటమ్ రంగు ట్రాకు రంగుని కప్పేస్తుంది. ట్రాకు రంగు ఎన్నిసార్లు మార్చినా ఆ ముక్క కదలదు. దాన్ని ఎంచుకుని రైట్ క్లిక్ చేసి, ఐటమ్ కలర్ల మెనూలో డిఫాల్ట్‌కి మార్చండి. నిజానికి ఈ వరస మనకి పనికొస్తుంది కూడా: మళ్లీ పాడించాల్సిన చరణం ముక్కకి మాత్రమే వేరే రంగు వేసి వదిలేయొచ్చు, ట్రాకు రంగు చెడదు.

పాటకి పది నిమిషాలు రంగులకే పోతుంటే రీపర్‌కి అదనపు సౌకర్యాలిచ్చే ఎస్‌డబ్ల్యూఎస్ ఎక్స్‌టెన్షన్ వేసుకోండి. ఉచితం. మీ రీపర్ 64 బిట్‌ది అయితే అదీ 64 బిట్‌దే దించుకోవాలి, లేకపోతే మెనూలో కనిపించదు. ఇన్‌స్టాల్ చేసి రీపర్‌ని మూసి తెరిస్తే పైన ఎక్స్‌టెన్షన్స్ మెనూ వస్తుంది. అందులో ఆటో కలర్ విండో తెరిచి, ఆప్షన్స్‌లో ఆటో ట్రాక్ కలరింగ్ ఆన్ చేయండి. యాడ్ నొక్కితే ఒక వరస వస్తుంది. ఫిల్టర్ గడిలో పేరు రాసి, రంగు ఇవ్వండి. ట్రాకు పేరులో ఎక్కడైనా ఆ మాట ఉంటే రంగు దానంతటదే పడుతుంది.

ఇందులో మూడు గోతులున్నాయి. మొదటిది వరస. నియమాల్లో పైనున్నది గెలుస్తుంది. "తప్పెట" పైన, "గది" కింద ఉంటే "తప్పెట గది" అనే ట్రాకు నీలం అయిపోతుంది. "గాత్రం", "వంత" కూడా ఇంతే, "గాత్రం వంత" అని పేరు పెట్టే అలవాటుంటే వంత నియమాన్ని పైకి లాగండి. ప్రత్యేకమైనవి పైన, సాధారణమైనవి కింద. రెండోది అక్షరాలు. ఒకరు "గజ్జెలు" అనీ ఇంకొకరు "గజ్జలు" అనీ రాస్తే నియమం ఒకదాన్నే పట్టుకుంటుంది. ఫిల్టర్‌లో "గజ్జ" అని రాసినా కుదరదనుకోకండి: ఎత్వం అక్షరం తర్వాత విడి గుర్తుగానే నిల్వవుతుంది కాబట్టి జాగ్రత్తగా ఆలోచిస్తే "గజ్జ" రెండింటిలోనూ ఉంది. మాట ఎంత పొట్టిగా, మూలానికి దగ్గరగా ఉంటే అంత మంచిది. మూడోది, ముందే చేత్తో రంగేసిన ట్రాకుల్ని ఆటో కలర్ ముట్టుకోకుండా వదిలేస్తుంది. పాత ప్రాజెక్టు తెరిచి కొత్త పద్ధతిలోకి తేవాలంటే అదే విండోలో ఫోర్స్ నొక్కాలి. నొక్కేముందు ప్రాజెక్టుని ఇంకో పేరుతో సేవ్ చేసుకోండి.

ఫోల్డర్లు వాడేవాళ్లకి ఈ ఎక్స్‌టెన్షన్‌తో ఇంకో లాభం ఉంది. ప్రశ్నార్థకం కీ నొక్కి యాక్షన్స్ జాబితా తెరిచి, చిల్డ్రన్ టు సేమ్ కలర్ అని వెతకండి. తప్పెటల ఫోల్డర్ మీద ఉండి అది నడిపితే లోపలి ట్రాకులన్నీ ఒకే నీలంలోకి వస్తాయి. గజ్జెల్ని ఆ తర్వాత మసక చేయండి, ముందే చేస్తే చెరిగిపోతుంది.

అన్నీ కుదిరాక ఆడియో తీసేసి, పేర్లూ రంగులూ ఫోల్డర్లూ మాత్రం ఉంచి, ఫైల్ మెనూలో ప్రాజెక్ట్ టెంప్లేట్‌గా సేవ్ చేయండి. ప్రిఫరెన్సెస్‌లో ప్రాజెక్ట్ పేజీలో ఆ ఫైలు చూపిస్తే ప్రతి కొత్త ప్రాజెక్టూ ఆ రంగులతోనే మొదలవుతుంది.

మిక్సింగ్‌కి విశాఖపట్నమో హైదరాబాదో పంపేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది: రంగు ప్రాజెక్టు ఫైల్లో ఉంటుంది, వేవ్ ఫైల్లో ఉండదు. అవతలి వాళ్లూ రీపర్‌లోనే తెరిస్తే వాళ్ల దగ్గర ఎస్‌డబ్ల్యూఎస్ లేకపోయినా రంగులు నిలుస్తాయి, థీమ్‌ని బట్టి కాస్త తేడాగా కనిపిస్తాయంతే. వేరే సాఫ్ట్‌వేర్ అయితే స్టెమ్స్ (విడివిడిగా తీసిన ట్రాకుల ఆడియో ఫైళ్లు) పేర్ల ముందు 01, 02 అని అంకెలు వేసి, గాత్రాలు, తాళవాద్యాలు, స్వరవాద్యాలు అనే వరసలో పంపండి. వాళ్లు ఎఫ్‌ఎల్ స్టూడియోలో పెట్టుకుంటే మిక్సర్ ట్రాకు మీద ఎఫ్2 కొట్టి పేరు, రంగు ఒకేచోట మార్చుకుంటారు. లాజిక్‌లో ఆప్షన్ పట్టుకుని సి నొక్కితే రంగుల పలక వస్తుంది. ఏబుల్టన్‌లో ట్రాకు పేరు మీద రైట్ క్లిక్ చాలు, ఆ రంగుని క్లిప్పులకీ పాకించే ఆప్షన్ అక్కడే ఉంటుంది. ఆడాసిటీ 3లో అయితే ట్రాకు మెనూలో వేవ్ కలర్ కింద నాలుగే రంగులు దొరుకుతాయి, వాటిని గాత్రం, వంత, తప్పెట, మిగతావి అని పంచుకోవాలి.