యాప్‌లో ఖాళీ, అక్కడికెళ్తే డెడ్: వరంగల్‌లో ఈవీ ఛార్జింగ్ తిప్పలు

వరంగల్, హనుమకొండ, కాజీపేటలో పబ్లిక్ ఛార్జర్లు లేవని కాదు. మ్యాపులో చుక్క ఉన్న ప్రతిచోటా మన ఎలక్ట్రిక్ బండికి కరెంటు ఎక్కదు, అదీ అసలు తిప్పలు.

సమస్య: యాప్‌లో ఖాళీగా ఉందంటుంది, వెళ్తే పనిచేయదు

ఛార్జర్ తన సంగతి సర్వర్‌కు చెప్పేది ఇంటర్నెట్ మీద, చాలావాటిలో సిమ్ కార్డుతోనే. కరెంటు పోయినా, సిగ్నల్ పోయినా కొన్ని యాప్‌లు పాత సమాచారాన్నే చూపిస్తుంటాయి. బయల్దేరే ముందు అక్కడ చివరిసారి ఎవరు, ఎప్పుడు ఛార్జ్ చేశారో చూడండి. ఛార్జర్ ఉన్న బంకుకో హోటల్‌కో ఒక ఫోన్ కొడితే ఇంకా మంచిది.

స్క్రీన్ వెలుగుతున్నా మొదలవట్లేదా? మెషిన్ మీద పుట్టగొడుగులా ఉండే ఎర్ర బటన్ చూడండి. అది ఎమర్జెన్సీ స్టాప్. జనగామ దగ్గర ఒకసారి అరగంట కస్టమర్ కేర్‌తో మాట్లాడాక గానీ నా కళ్లు దాని మీద పడలేదు. ఎవరో నొక్కేసి పోయారు. మామూలుగా దాన్ని బాణం గుర్తు వైపు తిప్పితే పైకి లేస్తుంది. కాలిన వాసన వచ్చినా, కేబుల్ తెగి ఉన్నా మాత్రం ముట్టుకోవద్దు, వేరేచోటికి వెళ్లండి.

సమస్య: గన్ పెట్టాక మొదలై ఆగిపోతోంది

ఒక్కోసారి కేబుల్ బరువుకు గన్ (కారుకు గుచ్చే ప్లగ్) కిందికి వాలి లోపలి పిన్నులు సరిగ్గా అతుక్కోవు. సెషన్ ఆపి, గన్ తీసి, ఒక నిమిషం ఆగండి. చేత్తో కింద ఆసరా ఇచ్చి మళ్లీ నొక్కి పెట్టండి. స్లో ఛార్జర్ దగ్గరైతే కారులో రాత్రే ఛార్జ్ అయ్యేలా టైమర్ పెట్టుకున్నారేమో కూడా చూసుకోండి.

సమస్య: బోర్డు మీద 60 కిలోవాట్లు, ఎక్కేది 25

పక్క గన్‌కు ఇంకో కారు ఉంటే చాలా మెషిన్లు పవర్‌ను పంచేస్తాయి. 80 శాతం దాటాక బ్యాటరీయే వేగం తగ్గించుకుంటుంది. మన మే నెల ఎండకు హైవే మీద నుంచి నేరుగా వస్తే వేడికీ తగ్గుతుంది. హైదరాబాద్ 145 కిలోమీటర్లే కాబట్టి 80కే తీసేసి బయల్దేరడం మేలు. మేడారం వైపైతే వేరే లెక్క. రానుపోను దాదాపు 200 కిలోమీటర్లు, ఇక్కడే పూర్తిగా నింపుకోండి.

సమస్య: గన్ అసలు పట్టదు

ఇప్పటి కార్లలో ఎక్కువ వాటికి ఫాస్ట్ ఛార్జింగ్‌కు సీసీఎస్2 అనే రకం గన్ కావాలి. పాత 15 కిలోవాట్ల భారత్ డీసీ ఛార్జర్ గన్ వాటికి పట్టదు. యాప్‌లో ముందే ఫిల్టర్ పెట్టుకోండి. స్కూటర్ల వాళ్లూ అంతే, అన్ని కంపెనీలకూ ఒకే ప్లగ్ ఉండదు.

సమస్య: డబ్బు కట్ అయింది, ఛార్జ్ కాలేదు

అక్కడే మెషిన్ స్క్రీన్‌కు, యాప్‌లోని సెషన్ నంబర్‌కు ఫొటో తీసుకోండి. రీఫండ్ అడగడానికి అవి కావాలి.

సమస్య: ఛార్జింగ్ స్పాట్‌లో పెట్రోల్ కారు

దీనికి యాప్ లేదు, మర్యాదగా అడగడమే. "అన్నా, కారు జర పక్కకు తీస్తరా?" అన్నాను ఒకాయనతో. "వైరు అందుతది తమ్మీ, అటు నుంచి పెట్టుకో" అన్నాడు కదలకుండా. కోపం వచ్చింది గానీ, నా బండికి ఛార్జింగ్ పోర్టు వెనక ఎడమ పక్కన. రివర్స్‌లో పెట్టి చూస్తే నిజంగానే అందింది.