సంగీతం క్లాసుకు ఏడాది ఖర్చు ఒక వార్షికోత్సవంతో: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు వాళ్లకు

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తెలుగు పిల్లలు కర్ణాటక సంగీతమో కూచిపూడో నేర్చుకోవాలంటే గుడి మండపమో, ఎవరింటి మేడమీద గదో దిక్కు. బళ్లో దొరికేది కాదు. తల్లిదండ్రులిచ్చే ఫీజు గురువుగారి రానుపోను ఖర్చులకే చాలదు. అందుకని ఏడాదికోసారి వార్షికోత్సవం పెట్టి చందాలు పోగుచేస్తారు. చాలాచోట్ల కార్యక్రమం దివ్యంగా జరుగుతుంది, మర్నాడు లెక్క చూసుకుంటే టెంట్ హౌస్ వాడి బాకీ మిగులుతుంది. డబ్బంతా ఆ సాయంత్రమే వస్తుందనుకోవడం వల్ల వచ్చే చిక్కిది. తెర లేచేసరికే రావలసిన దాంట్లో చాలామటుకు వచ్చేసి ఉండాలి. ఆ సాయంత్రం ఉన్నది ఇచ్చినవాళ్లకు చూపించడానికి, వచ్చే ఏడాది ఇవ్వబోయేవాళ్లను పిలవడానికి.

ముందు ఖర్చు రాసుకోండి

హాలు మాట్లాడకముందే క్లాసుకు ఏడాదికి ఏం కావాలో కాగితం మీద పెట్టండి. 30 మంది పిల్లలున్న క్లాసుకు లెక్క ఇలా ఉంటుందనుకుందాం (ధరలు మీ ఊరివి వేసుకోండి): గురువుకు నెలకు 6,000 చొప్పున 10 నెలలకు 60,000. ముప్పావు సైజు వయొలిన్లు రెండు, 12,000. మృదంగం మూతలు మార్పించడానికి 5,000. తీగలకు, శ్రుతి పెట్టెకు 4,000. పరీక్ష ఫీజులకు, పిల్లల ప్రయాణానికి 9,000. వెరసి 90,000.

దీనిమీద కార్యక్రమం ఖర్చు 30,000 దాటకూడదు. అంటే 1,20,000 రావాలి. దాన్ని ఇలా విడగొట్టుకోండి: దాతల నుంచి 60,000, ఆ రోజుకు అచ్చువేసే సంచికలో ప్రకటనల మీద 25,000, ప్రవేశ కూపన్ల మీద 20,000, అప్పడాలు, పచ్చళ్ల బల్ల మీద 10,000, హుండీలో 5,000. మొదటి మూడూ కార్యక్రమానికి ముందే వచ్చేవి. కలిపితే 1,05,000, అంటే ఎనిమిదింట ఏడు వంతులు. పది రోజుల ముందు ఈ మూడింటి మొత్తం 80,000 కూడా చేరలేదంటే సౌండ్, అలంకరణ తగ్గించుకోండి. తేదీ మాత్రం మార్చకండి. తేదీ మారిస్తే కూపన్ కొన్నవాళ్లలో సగం మంది రారు, వాళ్లు మళ్లీ కొనరు కూడా.

తేదీ

అక్టోబరులో ఆరుబయట పెట్టే ఆలోచన వద్దు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటి గజపతి జిల్లాను ముంచింది. వినాయక చవితి, దసరా అయిన వెంటనే కూడా పనికిరాదు. రసీదు పుస్తకం కనిపిస్తే చాలు, కొట్టువాళ్లు లోపలికి వెళ్లిపోయే రోజులవి. బరంపురంలోనైతే రెండేళ్లకోసారి చైత్రంలో ఠాకురాణి యాత్ర, అంటే అమ్మవారి జాతర, వస్తుంది. ఆ ఏడు వీధివీధికీ చందా ఉంటుంది కనుక చైత్రానికి చాలా ముందే ముగించుకోవాలి. ఫిబ్రవరిలో మెట్రిక్ పరీక్షలు.

ఇవన్నీ తీసేస్తే మిగిలేది సంక్రాంతి తర్వాతి ఆదివారాలు. కోతలయ్యి చేతిలో నాలుగు డబ్బులాడతాయి. పండక్కి వచ్చిన బంధువులు కొందరు ఇంకా ఊళ్లోనే ఉంటారు. త్యాగరాజ ఆరాధన, అంటే పుష్య బహుళ పంచమి, ఆ చుట్టుపక్కలే పడుతుంది. సరిగ్గా ఆ రోజు మాత్రం పెట్టకండి, పక్కవాద్యాలవాళ్లు దొరకరు. విజయనగరంలో 1919 నుంచీ సంగీత కళాశాల ఉంది కాబట్టి వయొలిన్‌కీ మృదంగానికీ మనవాళ్లు చూసేది అటువైపే. రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి మీదుగా రైలుంది. గుణుపురం, పర్లాకిమిడి లైను నౌపడా దగ్గర మెయిన్ లైనులో కలుస్తుంది. రెండు నెలల ముందే మాట్లాడుకుని, రానుపోను టికెట్లు మీరే తీసి పంపండి. ‘వచ్చాక ఇస్తాం’ అంటే ఆ రోజు ఇంకో కచేరీ తగలగానే మనది జారిపోతుంది.

అడిగే తీరు

‘మా సంస్థకు తోచింది ఇవ్వండి’ అంటే తోచేది 101. గురువుగారి 60,000ను 30 మంది పిల్లలకు పంచితే తలకు 2,000. ‘ఒక పిల్లకు ఏడాది పాఠం, 2,000’ అని అడగండి. ఇవ్వగలిగినవాడికి అది చేతికందే మొత్తం, పైగా దేనికిస్తున్నాడో తెలుస్తుంది. 30 మంది దాతలు కావాలంటే 80 మంది పేర్లు రాసుకోవాలి. ఇద్దరు కలిసి వెళ్లండి, ఒకరు దాతకు తెలిసినవాళ్లై ఉండాలి. కొట్లకు ఉదయం బేరాల వేళ కాక మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. ఉద్యోగస్తుల దగ్గరికి నెల మొదటి వారంలో వెళ్లండి.

ఉత్తరం తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి ఉండాలి. ఇది మర్యాద కోసమే కాదు. ఈ ఊళ్లలో పెద్ద వ్యాపారులు, డాక్టర్లు, ఆఫీసర్లలో చాలామంది ఒడియావాళ్లే. వాళ్ల పిల్లలూ మన క్లాసుకు వస్తున్నారంటే ఆ సంగతి ఉత్తరంలో మొదటి వాక్యంగా రాయండి. కార్యక్రమంలో ఒడిస్సీ అంశం ఒకటి ఉంటే బాగుంటుంది, ప్రహ్లాద నాటకం నుంచి ఒక ఘట్టమైతే ఇంకా బాగు. గంజాం వైపు పుట్టిన ఆ నాటకంలో కర్ణాటక రాగాలు వినిపిస్తాయి కనుక మన పిల్లల పాటల మధ్య అతికించినట్టుండదు. ఎటొచ్చీ అది రాత్రంతా ఆడే ఆట. 20 నిమిషాలకు ఒప్పించడం మీ నేర్పు.

అమెరికాలో ఉన్న బంధువుల విషయంలో జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది మాత్రం, రూపాయల్లో ఇచ్చినా, విదేశీ విరాళం కిందికే వస్తుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. మొహమాటపడకుండా ముందే చెప్పేయండి.

డబ్బు ఎవరి సొంత ఖాతాలోకీ పోకూడదు. సొసైటీగా నమోదుకు 1860 చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ పేరుమీద పాన్, ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా, దానికే క్యూఆర్ కోడ్. కార్యదర్శి ఫోన్ నంబరుకు డబ్బులు వేయించుకుంటే ఆయన ఎంత నిజాయతీపరుడైనా మూడో ఏడు గొడవ తప్పదు. విరాళాల మీద పన్ను మినహాయింపుకు ఆదాయపు పన్ను శాఖ ఆమోదం (80జి అని పిలిచేది) లేకుండా రసీదు మీద ‘పన్ను మినహాయింపు కలదు’ అని అచ్చు వేయకండి. ఆమోదం ఉన్నా, 2,000 దాటి నగదుగా ఇచ్చినదానికి మినహాయింపు రాదని దాతకు చెప్పండి.

సంచిక, కూపన్లు

పూర్తి పేజీ 2,000 చొప్పున ఐదు, అర పేజీ 1,000 చొప్పున పది, పావు పేజీ 500 చొప్పున పది పెట్టుకుంటే 25,000 వస్తుంది. ఇవి పన్నెండున్నర పేజీలు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పునే పెరుగుతాయి కాబట్టి అట్టతో కలిపి 20 పేజీలకు సర్దండి. మిగిలిన ఏడున్నరలో అట్ట, కార్యక్రమ వివరం, పిల్లల పేర్లు, నిరుటి జమాఖర్చులు పోగా సందేశాలకు చోటు మిగలకపోతే మరీ మంచిది. ప్రకటన డబ్బు చేతిలో పడ్డాకే పేజీ ప్రెస్సుకు వెళ్లాలి. ‘అచ్చయ్యాక ఇస్తాం’ అన్నవి సగం రావు. కొట్టు పేరు ఒడియాలో ఉంటే అక్షరాలు మీరు కూర్చకండి. వాళ్ల బిల్లు పుస్తకం ఫొటో తీసి ప్రెస్సుకివ్వండి. తప్పులు దొర్లేది అక్కడే.

కూపన్ 100 రూపాయలు. 200 అమ్ముడవ్వాలంటే 300 వేయించి, వరుస నంబర్లతో పదేసి చొప్పున కట్టలు కట్టి, తీసుకున్నవాళ్ల సంతకం పుస్తకంలో పెట్టించండి. మూడు రోజుల ముందు అమ్మినవాటి డబ్బూ, అమ్మనివాటి కాగితాలూ వెనక్కి రావాలి. కూపన్ల మీద లక్కీ డ్రా పెడదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ప్రభుత్వ అనుమతి లేకుండా టికెట్లు అమ్మి బహుమతులు తీయడం లాటరీ, అది నేరం. ఆ ఊసే వద్దు.

టికెట్టు పెట్టారంటే పాటల సంగతి కూడా చూసుకోవాలి. త్యాగరాజు 1847లో పోయారు, ఆయన కీర్తనల మీద ఎవరి హక్కులూ లేవు. సినిమా పాటలకు డాన్సులు పెడితే లైసెన్సు కావాలి. ఔత్సాహిక సంఘాలకు చట్టంలో ఉన్న మినహాయింపు ఉచిత ప్రదర్శనలకే తప్ప డబ్బులు పుచ్చుకున్నవాటికి కాదు. మనిషికి 500 వరకు ఉండే ప్రవేశ రుసుముకు జీఎస్టీ లేదు కనుక ఆ బెంగ అక్కర్లేదు.

ఆ సాయంత్రం

మైకుకు పోలీసుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్ స్పీకరు కుదరదు. ఆసుపత్రికి, బడికి, కోర్టుకు 100 మీటర్ల లోపు నిశ్శబ్ద ప్రాంతం, అక్కడ హాలు మాట్లాడుకోకండి. మనకు అసలు గడువు పది కూడా కాదు, పల్లెలకు పోయే ఆఖరి బస్సు. ఐదింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించాలి.

అంశాల వరుసను శ్రుతిని బట్టి, అంటే పాడే స్థాయిని బట్టి, కూర్చండి. దీన్ని చాలామంది పట్టించుకోరు. చిన్నపిల్లలు ఐదు, ఐదున్నర శ్రుతిలో పాడతారు. గొంతు మారిన మగపిల్లలు ఒకటి, రెండు దగ్గర ఆగుతారు. ఒకే మృదంగాన్ని అంత దూరం పైకీ కిందికీ లాగలేరు. హెచ్చు శ్రుతికొకటి, తగ్గు శ్రుతికొకటి ఉండాలి. ఐదు శ్రుతివాళ్లనందరినీ ఒకచోట, ఐదున్నరవాళ్లను వెంటనే పెడితే వాయించేవాళ్లు శ్రుతి సరిచేయడానికి ఒక్కసారి సుత్తి పట్టుకుంటే చాలు. కలగాపులగంగా వేస్తే ప్రతి పాటకూ ఐదేసి నిమిషాలు ‘టక్ టక్’ వింటూ కూర్చోవాలి. పుష్యమాసంలో చీకటిపడితే మంచు దిగుతుంది. చెమ్మకు తోలు సాగి శ్రుతి పడిపోతుంది. ఆరుబయటైతే వేదిక మీద కప్పు తప్పనిసరి. వాయించని మృదంగాన్ని గుడ్డ సంచిలోనే ఉంచండి. ఎడమ మూతకు రవ్వ ముద్ద పెట్టేది తెర వెనక, వంతు వచ్చే ముందు. ఆ తడి రవ్వ, నీళ్ల గిన్నె, తుడిచే గుడ్డ మీరే సిద్ధం చేసి ఉంచండి.

స్పీకర్లు మైకుల వరుసకు ముందుండాలి. వెనక్కి జరిగితే ఆ శబ్దమే మళ్లీ మైకులో దూరి కీచుమంటుంది. ఎనిమిది మంది బృందగానానికి స్టాండు మీద రెండు మైకులు చాలు, పిల్లల చేతికి ఇవ్వకండి. జనం రాకముందే అరగంట సరిచూసుకోవాలి, అదీ పాడే పిల్లలతోనే. సౌండ్ కుర్రాడు ‘హలో హలో’ అంటే తేలేది కాదు.

తమ పిల్ల పాట అవగానే తల్లిదండ్రులు లేచిపోవడం మామూలే. ప్రతి పిల్లకూ రెండు చోట్ల పేరుండాలి: ముందు భాగంలో ఒకసారి, చివరి బృందగానంలో ఇంకోసారి. హుండీ మాట చివరి అంశానికి ముందు ఒక్కరే, మూడు నిమిషాల్లో చెప్పాలి. ద్వారం దగ్గర హుండీ పెట్టి ఊరుకుంటే చెప్పులు వెతుక్కునేవాళ్లు దాన్ని చూడరు.

ముఖ్య అతిథులు ఇద్దరు చాలు. ఆరుగురిని పిలిస్తే తలా పది నిమిషాలు మాట్లాడినా గంట పోతుంది, శాలువాలకూ జ్ఞాపికలకూ ఒక పిల్ల ఏడాది ఫీజు పోతుంది. శాలువా బదులు క్లాసు పిల్లలు వేసిన బొమ్మకు ఫ్రేము కట్టించి ఇవ్వండి.

అమ్మకపు బల్ల మీద బరంపురం అప్పడాలు, పచ్చళ్లు పెట్టండి. లైసెన్సు నంబరు, తేదీ ఉన్న ప్యాకెట్లే తయారీవాళ్ల దగ్గర టోకున, మిగిలితే వెనక్కి తీసుకునే షరతు మీద తెచ్చుకోండి. వేడి వంటకాల జోలికి పోతే నలుగురు మనుషులు, గ్యాసు, నీళ్లు కావాలి, పది వేలు మిగలవు.

మర్నాటి నుంచి

హుండీ ఆ రాత్రే ముగ్గురు లెక్కబెట్టి సంతకాలు చేయాలి, బ్యాంకు తెరిచిన రోజే జమ కావాలి. అందులోంచి టెంట్ హౌస్‌కు నేరుగా ఇవ్వకండి. మొత్తం ఖాతాలో పడ్డాక చెక్కుతోనో యూపీఐతోనో కట్టండి. పదిహేను రోజుల్లో జమాఖర్చులు ఒక పేజీలో రెండు భాషల్లో దాతలకు పంపి, గుడి గోడకు ఒకటి అంటించండి. పావు పేజీ ప్రకటన ఇచ్చిన కొట్టుకు కూడా సంచిక కాపీ మీరే తీసుకెళ్లి ఇవ్వండి.

కొన్న వయొలిన్లకు నంబరు రాసి రిజిస్టరు పెట్టండి. ఎవరింటికి వెళ్లింది, ఎప్పుడు వెళ్లింది, తల్లిదండ్రి సంతకం. కమాను బిగువు సాధన కాగానే సడలించాలని పిల్లకే కాదు, తల్లికీ చూపించండి. బిగించి వదిలేస్తే కర్ర వంకరపోతుంది, కొత్త కమాను ఖర్చు మళ్లీ చందాలో కలుస్తుంది.