ఆయాసం, జ్వరం ఉన్నప్పుడు సీబీసీ రిపోర్టులో తెల్ల రక్తకణాలను ఎలా చూడాలి?

తిరుపతిలో జ్వరానికి సీబీసీ, అంటే రక్తకణాలను లెక్కపెట్టే రక్తపరీక్ష చేయించుకుంటే, రిపోర్టు రాగానే ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే: "ప్లేట్‌లెట్లు ఎన్నుండాయి?" డెంగీ భయం అలాంటిది, అది చూడాల్సిందే. కానీ విడవని దగ్గు, ఆయాసంతో ఫ్లూనో కోవిడో అని అనుమానం ఉంటే తెల్ల రక్తకణాల లెక్క ఇంకా ముఖ్యం.

మొదట టోటల్ కౌంట్ చూడండి. పెద్దవాళ్లలో క్యూబిక్ మిల్లీమీటరు రక్తానికి సుమారు 4,000 నుంచి 11,000 వరకు మామూలు. ఈ అంకె బాగుందని నిశ్చింతగా ఉండకండి. వైరస్ జబ్బుల్లో ఇది చాలాసార్లు మామూలుగానో, కాస్త తక్కువగానో ఉంటుంది.

అసలు సంగతి దాని కింద ఉండే డీసీలో (డిఫరెన్షియల్ కౌంట్, అంటే ఏ రకం తెల్ల కణాలు ఎంత శాతమో) తెలుస్తుంది. అక్కడ లింఫోసైట్స్ అనే రకం శాతాన్ని సంఖ్యగా మార్చుకోండి. టోటల్ 5,200, లింఫోసైట్స్ 10 శాతం అనుకుందాం. అంటే 520 మాత్రమే. పెద్దవాళ్లలో అవి 1,000కి పైనే ఉండాలి. టోటల్ చూస్తే ఏ లోపమూ కనబడదు, లోపల మాత్రం వైరస్ సోకిన కణాలను పట్టి చంపేవి, యాంటీబాడీలు తయారుచేసేవి సగానికి పడిపోయాయి. కోవిడ్, ఫ్లూ ముదిరినవాళ్లలో తరచూ జరిగేది ఇదే.

అదే సమయంలో న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్ల కణాలు పెరుగుతాయి. అవీ మన రక్షణ కోసమే ఉన్నాయి. కానీ ఊపిరితిత్తుల్లో అతిగా చేరితే, అవి వదిలే ఎంజైములు గాలి గదుల గోడలను కూడా దెబ్బతీస్తాయి. అక్కడ నీరు చేరి ఆక్సిజన్ రక్తంలోకి సరిగా దిగదు. కోవిడ్‌లో కొందరికి వైరస్ తగ్గుతున్నా రెండో వారంలో ఆయాసం పెరగడానికి ఈ అదుపు తప్పిన పోరాటం ఒక కారణం. న్యూట్రోఫిల్స్ 85, లింఫోసైట్స్ 10 ఉంటే నిష్పత్తి 8.5. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఇది సాధారణంగా 1 నుంచి 3 మధ్య ఉంటుంది. చిన్నపిల్లలకు ఈ లెక్కలు పనికిరావు, వాళ్లలో లింఫోసైట్స్ సహజంగానే ఎక్కువ.

ఇప్పుడు అప్పటిదాకా వేసుకున్న మందులన్నీ ఒక కాగితం మీద రాయండి. మెడికల్ షాపులో కవర్లో పోసిచ్చే 'జ్వరం సెట్టు'లో స్టెరాయిడ్ ఉంటే న్యూట్రోఫిల్స్ పెరిగి, లింఫోసైట్స్ తగ్గి రిపోర్టే తారుమారవుతుంది. డాక్టరుకు ఈ విషయం దాచకండి. 2020లో బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' అనే పరిశోధనలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగుల్లో మరణాలను తగ్గించింది, అవసరం లేనివాళ్లకు మేలు చేయలేదు. సొంతంగా స్టెరాయిడ్ వేసుకోవడం ప్రమాదమని గట్టిగా చెబుతున్నాను. న్యూట్రోఫిల్స్ పెరిగాయని యాంటీబయాటిక్ కూడా కొనకండి. బ్యాక్టీరియా తోడైందో లేదో డాక్టరు ఎక్స్‌రే, ఇతర పరీక్షలతో తేలుస్తారు.

మళ్లీ పరీక్ష రాస్తే వీలైతే అదే ల్యాబులో చేయించి, రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూడండి. లింఫోసైట్స్ పెరుగుతుంటే మంచి సూచన.

ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్ ఉంటే గోళ్ల రంగు తీసేసి, కూర్చుని చూడండి. 94 కంటే తగ్గినా, మాట్లాడుతుంటే ఆయాసం వచ్చినా, మనిషి మగతగా ఉన్నా ల్యాబు రిపోర్టు కోసం ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, మందుల చీటీ తీసుకుని తిరుపతిలోని రుయా ఆసుపత్రికో, స్విమ్స్ ఆసుపత్రికో వెళ్లండి. చిత్తూరు వాళ్లయితే జిల్లా ఆసుపత్రికి.