నెల్లూరులో చిన్న జీతంతో అద్దె ఇల్లు వెతుక్కోవడం ఎలా

అద్దె ఎంతో అడిగి అక్కడితో లెక్క ఆపేస్తారు చాలామంది. తీరా దిగాక 4,500 అద్దె ఇల్లు 6,000 ఇంటికంటే ఎక్కువ మింగుతుంది. అద్దె పక్కనే కరెంటు, నీళ్లు, రాకపోకలు, అడ్వాన్సు కోసం తెచ్చిన డబ్బుకు వడ్డీ రాసి కూడండి. ఆ మొత్తాన్నిబట్టే ఏ ఇల్లు చౌకో తేల్చుకోవాలి.

ఇంట్లోకి అడుగుపెట్టగానే ముందు మీటరు చూడండి. మీ పోర్షనుకు విడిగా కరెంటు మీటరు ఉందా, లేక ఓనరు పెట్టిన సబ్ మీటరా? 2022లో ప్రకటించిన ధరల్లో ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1.90, ఆపైన 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75 రూపాయలు. నెలకు 80 యూనిట్లు కాల్చే కుటుంబానికి విడి మీటరైతే యూనిట్ల ఖర్చు 215 రూపాయలు. అదే సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు పది రూపాయలు వసూలు చేసే ఓనరు దగ్గర 800. మిగతా చార్జీలు కలిపినా విడి మీటరు బిల్లు ఆ దరిదాపులకు రాదు. రెండు కుటుంబాలకు ఒకే మీటరు పెట్టి బిల్లు సగం సగం పంచుకోమనేవాళ్లూ ఉన్నారు. చెరో 120 యూనిట్లు వాడితే విడిగా ఒక్కొక్కరికి 395 అయ్యేది, కలిపిన 240కి 1,148 అవుతుంది. అంటే చెరో 574. వాడకం పెరగకపోయినా ధరల స్లాబు మారినందుకే ఆ తేడా.

ఇక ఎలాంటి ఇల్లు చూడాలి? దర్గామిట్ట, మాగుంట లేఅవుట్ వైపు కొత్త అపార్టుమెంట్లలో చిన్న బడ్జెట్‌కు పని లేదు. అద్దెకు తోడు మెయింటెనెన్స్ ఉంటుంది. మూలాపేట, సంతపేట, రంగనాయకులపేట సందుల్లో పాత పెంకుటిళ్లు, పెద్ద ఇళ్ల వెనక పోర్షన్లు వెతకండి. మా ఓటు పెంకుటింటికే. ఎండాకాలం మిద్దె కంటే నయంగా ఉంటుంది, అద్దె కూడా తక్కువ. దాని ఇబ్బంది వానలో తెలుస్తుంది. పిల్లులు, కోతులు తిరిగి పెంకులు జరుగుతాయి. ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి, సెప్టెంబరులోపు పెంకు సర్దించే ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి. వాసాలను గోటితో గీకి చూడండి, పొడి రాలితే చెద పట్టినట్టే. దూలం పుచ్చిన ఇంట్లో ఎంత తక్కువకిచ్చినా దిగొద్దు.

మిద్దె మీద ఒంటి గది, సిమెంటు రేకుల గది చౌకగా దొరుకుతాయి. వీటిని పొద్దున పూట చూసి మురిసిపోవద్దు. మధ్యాహ్నం మూడింటికి వెళ్లి, తలుపు మూసి పది నిమిషాలు కూర్చోండి. స్లాబు గదైతే మార్చిలో పైన సున్నం కొట్టిస్తే కొంత ఉపశమనం. 10×12 గదికి ఐదు కిలోల సున్నం రాత్రంతా నానేసి, వడకట్టి, అర కిలో ఫెవికాల్ కలపాలి. స్లాబు ఊడ్చి, తడిపి, రెండు పూతలు పూయాలి. వానలకు కొట్టుకుపోతుంది, ఏటా వేసుకోవాల్సిందే. రేకుల మీద తాటాకు కప్పుతారు కొందరు. చల్లగానే ఉంటుంది గానీ నిప్పురవ్వ పడితే అంతే సంగతులు.

నీళ్ల సంగతి పొద్దున ఆరు, ఏడు మధ్య చూడాలి. మోటారు స్విచ్ ఎవరి చేతిలో ఉంది, ఎన్ని కుటుంబాలకు ఒక బాత్రూమ్ అన్నది అప్పుడే బయటపడుతుంది. బోరునీళ్లతో చెయ్యి సబ్బు పెట్టి కడుక్కోండి. నురగ సరిగా రాకపోతే ఆ నీళ్లు వంటకు, తాగడానికి అంత బాగుండవు. రోజూ క్యాన్ కొనే ఖర్చు లెక్కలో వేసుకోండి. ఎండాకాలం మున్సిపల్ నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయో పక్కింటివాళ్లను అడగాలి, ఓనరును కాదు.

పెన్నకు దగ్గర్లో అద్దె తక్కువంటే కారణం అడగండి. 2021 నవంబరు వరదలో భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం, పొర్లుకట్ట ప్రాంతాల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. అక్కడ తీసుకుంటే పై అంతస్తు తీసుకోండి.

ఊళ్లోనే ఉండాలన్న పట్టు లేకపోతే ఏటి అవతల కోవూరు, ఇంకా పైకి బుచ్చిరెడ్డిపాళెం చూడొచ్చు. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం కింద మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. ఇంట్లో పనికెళ్లేది ఆడవాళ్లయితే ఊరి బయటి ఇల్లు నిజంగానే చౌక. మగవాళ్లు బిట్రగుంట, కావలి, గూడూరు వైపు నుంచి రైల్వే నెల సీజన్ టికెట్‌తో రావచ్చు. అయితే సీజన్ టికెట్ కొన్ని ఎక్స్‌ప్రెస్ రైళ్లలో చెల్లదు. మీ డ్యూటీ దిగే వేళకు ప్యాసింజరో మెమూనో లేకపోతే రోజూ బస్సుకు పెట్టే డబ్బే అద్దెలో మిగిలినదాన్ని తినేస్తుంది. ఇల్లు చూడకముందే టైమ్ టేబుల్ చూడాలి.

చౌక ఇళ్లు ఆన్‌లైన్‌లోకి రావు, చాలాసార్లు టు-లెట్ బోర్డు కూడా ఎక్కవు. బ్రోకరుకు నెల అద్దె పోయకుండా సాయంత్రం ఐదు దాటాక సందుల్లో నడవండి. ఇస్త్రీ బండి దగ్గర, పాలకేంద్రంలో, చిల్లర కొట్టులో అడగండి. “అన్నా, ఈ సందులో యాడన్నా పోర్షన్ ఖాళీగా ఉండాదా?” అంటే చాలు. ఎవరు ఖాళీ చేస్తున్నారో ఇస్త్రీ చేసేవాళ్లకు ఓనరు కంటే ముందే తెలుస్తుంది. బేరానికి ఆషాఢం, పుష్యం మంచి అదను. ఆ నెలల్లో ఎవరూ పాలు పొంగించరు, ఇల్లు ఖాళీగా పడుంటుంది, ఓనరు మెత్తబడతాడు. పట్టింపు ఉన్నవాళ్లు బేరం అప్పుడే కుదుర్చుకుని, శ్రావణం, మాఘం రాగానే మంచిరోజు చూసి దిగొచ్చు. కాలేజీలు తెరిచే వేళ మాత్రం హాస్టళ్ల చుట్టుపక్కల బేరమాడి లాభం లేదు.

“మూడు లక్షలివ్వండి, అద్దె లేకుండా ఉండండి” అనే లీజు మాట వినసొంపుగా ఉంటుంది. చేతిలో ఉన్న డబ్బైతే ఆలోచించొచ్చు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఇస్తే నెలకు ఆరు వేలు వడ్డీయే, దానికంటే 5,000 అద్దె మేలు. పైగా ఆ ఇల్లు బ్యాంకు తాకట్టులో ఉంటే మీ మూడు లక్షలూ చిక్కుకుంటాయి. రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ (ఆ ఇంటి మీద రిజిస్టరైన తాకట్లు, లావాదేవీలు చూపే పత్రం) తీయించి, అసలు దస్తావేజు కళ్లారా చూసి, ఆ తర్వాతే రాసుకోండి.

అద్దె ఒప్పందం పదకొండు నెలలకే అయినా స్టాంపు పేపరు మీద రాయించండి. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేయడానికి ఎన్నాళ్ల ముందు చెప్పాలి, ఏటా అద్దె ఎంత పెంచుతారు, వెళ్లేటప్పుడు రంగులకని ఎంత కోస్తారు, ఈ నాలుగూ అంకెల్లో ఉండాలి. “చూసుకుందాంలే” అన్న చోటే తగాదా వస్తుంది. దిగిన రోజే ఓనరు ఎదురుగా మీటరు రీడింగ్ ఫోటో తీసుకోండి. పాత వాళ్ల బాకీ బిల్లు మీ నెత్తిన పడకుండా ఉంటుంది.

ఒంటరిగా ఉండేవాళ్లు వంటసామానుకు తొందరపడక్కర్లేదు. అన్న క్యాంటీన్‌లో మూడు పూటలా తిన్నా రోజుకు 15 రూపాయలు. గ్యాస్ కావాలంటే ఐదు కిలోల చిన్న సిలిండరు అడ్రస్ ప్రూఫ్ లేకుండా గుర్తింపు కార్డు మీదే ఏజెన్సీలో ఇస్తారు.