అల్లాయ్ వీల్స్ మార్చాక స్టీరింగ్ వణుకు: నా స్విఫ్ట్‌కి పనిచేసింది ఇదే

14 అంగుళాల స్టీల్ చక్రాలు (165/80 ఆర్14) తీసి, 185/65 ఆర్15 టైర్లతో బయట కొన్న అల్లాయ్‌లు వేయించాను. రెండు సైజుల ఎత్తులో తేడా 2 మి.మీ. లోపే, మీటర్ రీడింగ్‌తో పేచీ లేదు. కానీ 80 దాటితే స్టీరింగ్ వణుకు. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్, గాలి, టైర్ల మార్పిడి: ఏదీ పనిచేయలేదు.

చక్రం విప్పి వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే సాధనం) పెడితే తెలిసింది. హబ్ (చక్రం కూర్చునే మధ్య భాగం) 54.1 మి.మీ., అల్లాయ్ మధ్య రంధ్రం 73.1. చాలా కార్లకు సరిపోవాలని రంధ్రం పెద్దది పెడతారు. ఆ ఖాళీ వల్ల చక్రం సరిగ్గా మధ్యలో కూర్చోలేదు. ఖాళీని నింపే 73.1–54.1 హబ్ రింగులు తెప్పించాను. మొదట హబ్ మీది తుప్పు వైర్ బ్రష్‌తో గీకాను. రింగు చేత్తో నొక్కితే బిగుతుగా కూర్చోవాలి, సుత్తి అక్కర్లేదు. చక్రం గాలిలో ఉండగానే నట్లు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించి, కిందికి దించాక టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) మాన్యువల్‌లో ఉన్నంత బిగించాను. కొన్ని రోజులు తిరిగాక నట్ల బిగువు మళ్లీ చూశాను.

వణుకు పోయింది. రిమ్ వంగినా, టైరు ఉబ్బినా రింగు ఏమీ చేయలేదు. అల్లాయ్‌లు కొనేముందు మధ్య రంధ్రం, హబ్ కొలవండి. తూకం కూడా వేయించండి, అల్లాయ్ అన్నంత మాత్రాన తేలికని కాదు.